ఎక్కడ తప్పు జరిగిందో ముందు చెప్పండి, సంతకం తర్వాత చూద్దాం

నాట్ల పనిల పడి నెల రోజులైంది రాయక. ఇయ్యాల కొంచెం పొడుగు ఉంటది, ఓపికతో చదవండి.

మన దిక్కు మళ్లీ కార్బన్ వాళ్లు తిరుగుతున్నరు. పోయిన వారం మా ఊరికి నలుగురు పిల్లలు వచ్చిండ్రు. పత్తి కట్టె కాలబెట్టకండి, బొగ్గు చేసి చేన్ల కలపండి, చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బన్ భూమిల ఉండిపోతది, దాని మీద పైసలు వస్తయి అన్నరు. మంచి పిల్లలే, మర్యాదగానే మాట్లాడిండ్రు. నేను ఒక్కటే అడిగిన. "బిడ్డా, ఇంతకు ముందు ఈ పని ఎక్కడ చేసిండ్రు, అక్కడ ఏం ఖరాబైంది?" ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఎన్ని టన్నులైనయో చెప్పిండ్రు గాని, ఏం ఖరాబైందో చెప్పలేదు.

నేనెందుకు అడిగిన్నంటే, మూడేండ్ల కింద ఇంకో కంపెనీ మాట విని రెండెకరాల చెల్కల బొగ్గు చల్లిన. గుంత తవ్వుడు, కట్టె పొరలు పొరలుగా వేసుడు, పైనుంచి అంటుపెట్టుడు, బూడిద తెల్లబడంగనే ఇంకో పొర వేసుడు, ఆఖరుకు నీళ్లు కొట్టి ఆర్పుడు, అన్నీ చెప్పినట్టే చేసిన. బొగ్గు మంచిగనే వచ్చింది. అట్లనే తీసి చల్లమన్నరు, చల్లిన. నెల తిరగకముందే పత్తి మొక్క పసుపుపచ్చగ అయింది. ఇంకో బస్తా యూరియా వేస్తే గాని తేరుకోలేదు. పక్క చేనుతో పోలిస్తే ఎకరానికి రెండు క్వింటాళ్లు తక్కువ వచ్చింది.

తర్వాత తెలిసింది ఏందంటే, పచ్చి బొగ్గుకు అన్నీ సన్న సన్న పొక్కలే. మొదటి పంటకు భూమిలున్న నత్రజనిని అదే పట్టి పెట్టుకుంటది. ముందుగా పెంటల గాని, పశువుల మూత్రంల గాని కొన్ని వారాలు నానబెట్టి, కడుపు నింపి వేయాలె. ఇది పెద్ద బ్రహ్మవిద్య కాదు. నాకు కోపం వచ్చింది ఎక్కడంటే, అంతకు ముందు ఏడే ఇంకో జిల్లాల అదే కంపెనీ చల్లించిన చేన్లు గిట్లనే పసుపెక్కినయట. అడిగితే ఆ పిలగాడు "అది వేరే టీమ్ సార్" అన్నడు. ఒకే కంపెనీల ఒక టీమ్ నేర్చుకున్నది ఇంకో టీమ్‌కు చేరలేదు. ఇంక వేరే కంపెనీకి ఎట్ల చేరుతది? నేర్చుకునే ఫీజు మాత్రం ఊరూరా రైతే కడుతున్నడు.

నేను ఈ పనికి వ్యతిరేకం కాదు, అపార్థం చేసుకోకండి. ఇది ఉత్త ముచ్చట కాదు. గుజరాత్‌ల మన సర్కారు తుమ్మ లాంటి కంపను బొగ్గు చేసే వరాహ అనే కంపెనీ దగ్గర 2030 లోపు లక్ష టన్నుల లెక్క కొంటమని గూగుల్ 2025 జనవరిలో ఒప్పందం చేసుకున్నది. చిన్న రైతుల పొలాల్లో బసాల్ట్ రాయి పొడి చల్లించే మాటి కార్బన్ అనే సంస్థకు అదే ఏడు ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రైజ్ మొదటి బహుమతి కింద 5 కోట్ల డాలర్లు వచ్చినయి. అంటే పైస ఉన్నది, పని కూడా నిజమే.

కానీ ఈ రాయి పొడి ముచ్చటే చూడండి. వాన నీళ్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకొని వస్తయి, బసాల్ట్ పొడితో కలిస్తే అది కరిగిన ఉప్పు రూపంల మారి వాగులు, నదుల మీదుగా సముద్రానికి పోతది. మంచిదే. రేపు ఎవడో ఒకడు వచ్చి మన క్రషర్ డస్టు ఉన్నది కదా, అదే చల్లుదాం అంటడు. మన దగ్గర చాలా క్రషర్లల్ల ఆడేది గ్రానైట్. అది అంత తొందరగా కరగదు. బసాల్ట్ మన వికారాబాద్, జహీరాబాద్ దిక్కున్న నల్లరాయి. దాంట్ల కూడా నికెల్, క్రోమియం ఎంతున్నయో పరీక్ష చేయించకుండా చేన్ల వేయొద్దు. ఈ సంగతి తెలిసినోళ్లు తెలియనోళ్లకు చెప్పకపోతే నష్టం ఎవరికి? బొగ్గు కూడా అంతే. దానికి సున్నం గుణం ఉంటది కాబట్టి పులుపున్న ఎర్ర భూములకు పనికొస్తది. ముందే పీహెచ్ 8 దాటిన నల్లరేగడిల అదే మోతాదు వేస్తే ఏం లాభం? కాని వచ్చిన ప్రతి కంపెనీ చేతిల ఒకటే కాగితం, అన్ని భూములకు ఒకటే మోతాదు.

మేం పోటీల ఉన్నం, ఒకరి సంగతి ఒకరికి ఎట్ల చెప్తం అని వాళ్లంటరు. ధర ఎంతకు మాట్లాడుకున్నరో, మిషన్ ఎట్ల చేసిండ్రో మాకొద్దు, దాచుకోండి. ఏ భూమిల ఏం వేస్తే ఏమైంది, ఎక్కడ పంట దెబ్బతిన్నది, కొలతల ఎక్కడ తేడా వచ్చింది, గివి దాచేవి కావు. ఫ్రంటియర్ అని అమెరికాల పెద్ద కంపెనీలు కలిసి పెట్టిన సంస్థ ఉన్నది. తమ దగ్గరికి వచ్చిన ప్రాజెక్టుల దరఖాస్తులను అందరూ చదివేటట్టు బయట పెడుతది. మా తమ్ముని కొడుకు చూపిస్తే చూసిన. అంతా ఇంగ్లీషే. కొనేటోడు చదువుకునేటట్టున్నది గాని, చల్లేటోడు చదువుకునేటట్టు లేదు. పొలంల దిగేటోళ్లు, అంటే ప్రాజెక్టులు చేసే కంపెనీలు, సంఘాలు ఏడాదికి రెండుసార్లన్నా ఒక్కకాడ కూసోవాలె, అక్కడ రైతులు కూడా ఉండాలె, మాట తెలుగుల నడవాలె. ఆంధ్రల ప్రకృతి సేద్యం అంత దూరం ఎట్ల పోయింది? చేసిన రైతే పక్క ఊరికి పోయి ఇంకో రైతుకు చెప్పిండు. ఆఫీసర్ల ఉపన్యాసాలు వినే రైతు, తన లెక్క మనిషి చెప్తే ఎదురు ప్రశ్నలు అడుగుతడు. తేడా అక్కడున్నది.

ఇంకో మాట. వరిల నీళ్లు ఆరబెట్టి పెట్టే పద్ధతిని కూడా ఇదే మూటల కడుతున్నరు కొందరు. అది పొలంల పుట్టే మీథేన్‌ను తగ్గిస్తది, గాలిల ముందే ఉన్నదాన్ని తీసేయదు. రెండూ మంచి పనులే, కాని లెక్కలు వేరు, ధరలు వేరు. ఏ లెక్క కింద సంతకం పెడుతున్నమో అడిగి తెలుసుకోండి. కౌలుకు చేసేటోళ్లు మరీ జాగ్రత్త. బొగ్గు చేసేది, చల్లేది మీరు, పాస్‌బుక్ పటేలుది. పైసలు ఎవరి ఖాతాల పడుతయో కాగితం మీద లేకపోతే ఆ కాగితం ముట్టకండి.

వాళ్లు కూసునేదాక మనం ఆగుడెందుకు? నేను ఒక నోట్‌బుక్కు మొదలుపెట్టిన. భూమి ఏది, ఏ కట్టె, ఎన్ని బస్తాల బొగ్గు, దేంట్ల నానబెట్టిండ్రు, ఎన్ని రోజులు, పంట ఎట్లున్నది, కంపెనీ ఎంత ఇస్తనన్నది, ఎంత ఇచ్చింది. నా రెండెకరాల నష్టం మొదటి పేజీల ఉన్నది. పక్క రెండూళ్ల నుంచి ఐదుగురు రాయించిండ్రు, అందుల ఇద్దరికి లాభమే వచ్చింది, అది కూడా రాసిన. ఆ నలుగురు పిల్లలు వచ్చే ఆదివారం పొద్దున కాగితాలు పట్టుకొని మళ్లీ వస్తమన్నరు. పోయినేడు పని చేసిన ఊరి నుంచి ఒక రైతును వెంట తీసుకొని రమ్మని ఫోన్ల చెప్పిన. సరే అన్నరు. మన పంచాయతీ ఆఫీసు ముందర, ఎనిమిది గంటలకు. బొగ్గు చేసినోళ్లు ఎవరన్నా ఉంటే మీ లెక్కలు పట్టుకొని రాండ్రి.