ముందు చట్రం, తర్వాతే బెల్టు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే జాతీయ రహదారి మీద బెల్టు పెట్టుకోకుండా కారు నడిపితే, మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా. అదే రహదారిని భీమడోలు దగ్గర వదిలి ఆగడాలలంక వైపు దిగితే, చెరువు గట్ల మీద తవుడు బస్తాల ట్రక్కు లాగే ట్రాక్టర్ డ్రైవర్‌కు చాలాచోట్ల పెట్టుకుందామన్నా బెల్టు ఉండదు. నెత్తిన ఎండకు వేసిన రేకు టాపో, గొడుగో ఉంటుంది. బండి బోల్తా కొడితే అవి మనిషికంటే ముందే నలుగుతాయి. కొల్లేరు చుట్టూ తిరిగే ప్రతి ట్రాక్టర్‌కూ తిరగబడినా నలగని ఇనుప చట్రాన్ని, దానితోపాటు సీటుబెల్టును తప్పనిసరి చేయాలి. రెండూ కలిపే చేయాలి. చట్రం లేకుండా బెల్టు ఒక్కటే బిగించడం కంటే అసలు బిగించకపోవడం నయం.

ఈ నేల సంగతి తెలిసినవారికి ప్రమాదం ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. ఇక్కడి గట్లు చెరువులు తవ్వినప్పుడు తీసిన మట్టిని పక్కన పోసి తొక్కించినవే. ఆ నల్లమట్టి తడిస్తే సబ్బులా జారుతుంది. అలలు గట్టును కింద కోసేస్తుంటే పైన అంచు మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. దాని మీదికి టన్నుల బరువున్న బండి పెద్ద చక్రం ఎక్కినప్పుడు గాని లోపల డొల్ల అని తెలియదు. వరి పొలంలో ప్రమాదం ఇంకో రకం. దమ్ము చేసేటప్పుడు ఇనుప చక్రాలు బురదలో దిగబడతాయి. డ్రైవర్ వాటి ముందు దుంగ పెట్టి క్లచ్ వదిలేస్తాడు. చక్రం తిరగలేదు, ఇంజిన్ ఆగదు. అప్పుడు చక్రానికి బదులు బండే ఇరుసు చుట్టూ తిరగడం మొదలెడుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచాక ఒక సెకను కూడా గడవకముందే ఇక ఆపలేని స్థితి వస్తుంది. సుమారు సెకనున్నరలో బండి వెల్లకిలా పడుతుంది. ‘పడేలోపు దూకేస్తాను’ అని డ్రైవర్లు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకానికి కావలసిన సమయమే అక్కడ లేదు. పక్కకు బోల్తా కొట్టినప్పుడైతే బండి ఒరిగే వైపుకే మనిషీ విసిరినట్టు పడతాడు. మడ్‌గార్డు వచ్చి అతని మీదే పడుతుంది.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కారులో మనం ఇవాళ వాడే మూడు కొసల బెల్టును స్వీడన్‌లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తీర్చిదిద్దాడు. కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం ఉండాలని అదే దేశం నిబంధన పెట్టిందీ ఆ ఏడాదే. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ ట్రాక్టర్ బోల్తా మరణాలు బాగా అరుదైపోయాయి. అమెరికాలో 1985 నుంచి కంపెనీలే దాదాపు ప్రతి కొత్త ట్రాక్టర్‌కూ చట్రం, బెల్టు బిగించి అమ్ముతున్నాయి. చట్రం ఉండి, బెల్టు పెట్టుకుంటే బోల్తాల్లో ప్రాణాలు కాపాడటంలో అది 99 శాతం పనిచేస్తుందని అక్కడి వృత్తి భద్రత సంస్థ చెబుతోంది. మన దేశంలో తయారైన ట్రాక్టర్లు కూడా ఆ దేశానికి చట్రంతో, బెల్టుతో ఓడ ఎక్కుతున్నాయి. పనితనం మన చేతిలోనే ఉంది. టెక్సాస్ రైతు ప్రాణానికి అక్కరకొచ్చిన ఇనుము కైకలూరు డ్రైవర్‌కు ఎందుకు అదనపు ఖర్చుగా కనిపిస్తోందో నాకు అర్థం కాదు.

బెల్టు ఒక్కటే ఎందుకు వద్దన్నానో చెప్పాలి. చట్రం చేసే పని బండి బరువును తాను మోసి, సీటు చుట్టూ మనిషి పట్టేంత ఖాళీని మిగల్చడం. బెల్టు చేసే పని మనిషిని ఆ ఖాళీలోంచి బయటకు పోనివ్వకపోవడం. చట్రం లేనప్పుడు ఆ ఖాళీయే లేదు. అప్పుడు బెల్టు డ్రైవర్‌ను బరువు పడే చోటే కట్టి ఉంచుతుంది. మడతపెట్టే చట్రాన్ని కిందికి వంచి నడిపేటప్పుడు బెల్టు పెట్టుకోకూడదనేదీ ఇందుకే. కొసలు ఎక్కడ బిగించామన్నదీ అంతే ముఖ్యం. మడ్‌గార్డు రేకుకు రంధ్రం కొట్టి బోల్టు వేస్తే, మనిషి బరువు ఒక్క కుదుపుతో పడినప్పుడు బోల్టుతో పాటు రేకు చిరిగి వస్తుంది. కంపెనీ చూపించిన చోటనే, అది చెప్పిన బోల్టుతోనే బిగించాలి. ఎండకు పెళుసెక్కిన పట్టీని, ఒకసారి ప్రమాదంలో లాగుడు పడ్డ పట్టీని తీసి పారేయాలి. వెల్డింగ్ షాపులో పైపులు వంచి చేయించిన చట్రం చూడటానికి దృఢంగానే ఉంటుంది గాని, బరువు పడితే ఎంత వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ఎవరూ పరీక్షించలేదు. పైగా తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తోంది. ఆ కట్టడి గట్టిదేనని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. కాబట్టి పాత మోడళ్లకు సరిపడే, పరీక్షించిన చట్రాన్ని అందించాల్సిన బాధ్యత కంపెనీలదే.

కొల్లేటి వాళ్లు అడిగే మొదటి ప్రశ్న నీళ్ల గురించి. బండి చెరువులో పడితే బెల్టుతో కట్టేసిన మనిషి మునిగిపోడా? ఈ భయం న్యాయమైనది. చేపల చెరువులో సాధారణంగా ఐదారడుగుల నీళ్లుంటాయి, మునగడానికి అవి చాలు. అయితే ఇప్పుడు జరుగుతున్నదేమిటో కూడా చూడాలి. చట్రం లేని బండి గట్టు మీంచి దొర్లితే డ్రైవర్ స్టీరింగుకూ బురదకూ మధ్య చిక్కుకుంటాడు. అతనికి విప్పుకోవడానికి బకిల్ లేదు, ఎత్తడానికి పొక్లెయిన్ రావాలి. చట్రం ఉంటే బండి పూర్తిగా దొర్లకుండా పక్కకు ఒరిగి ఆగే అవకాశం ఎక్కువ. ఒక చేత్తో తెరుచుకునే బకిల్, చేతికందే చోట చిన్న కత్తి ఉంటే మనిషి బయటపడగలడు. నీళ్లలో అపాయం పూర్తిగా పోతుందని నేను అనను. ఇనుము కింద నలగడం కంటే నీళ్లలో బకిల్ తీసుకోవడం మనిషి చేతిలో ఉన్న పని అంటాను.

పామాయిల్, కోకో తోటల్లో చట్రం మట్టలకు తగులుతుందంటారు. మడత చట్రం వచ్చింది అలాంటి తోటల కోసమే. మాటిమాటికీ ఎక్కి దిగేవాడికి బెల్టు చికాకంటారు. నడుముకు పెట్టే పట్టీ మూడు సెకన్ల పని. ట్రక్కులో కూర్చున్న కూలీల మాటేమిటంటే, దానికి బెల్టు జవాబు కాదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టర్ పడి ప్రాణాలు పోయిన 15 మంది ట్రక్కులో వెళ్తున్నవారే. సరుకు మోసే తొట్టిలో మనుషులను ఎక్కించడమే ఆపాలి.

ఖర్చు మాటకొస్తే, చాలా ట్రాక్టర్లలో ఆ సీటులో కూర్చునేది యజమాని కాదు, రోజుకూలికి వచ్చిన డ్రైవర్. చట్రానికి డబ్బు పెట్టాల్సింది ఒకరు, ప్రాణం పెట్టేది మరొకరు. ఇలాంటి చోట ఇష్టానికి వదిలేస్తే పని జరగదు, షరతు కావాలి. షరతు పెట్టే వీలు ప్రభుత్వానికి ఎప్పుడూ ఉంది. యంత్ర సేవ పథకం కింద 2022 జూన్ 7న గుంటూరులో ఒక్కరోజే 3,800 ట్రాక్టర్లను రైతు బృందాలకు అందించారు. అలాంటి సబ్సిడీ ఫైలులో ‘పరీక్షించిన చట్రం, బెల్టు’ అనే ఒక్క వాక్యం చేరితే చాలు, కంపెనీలు దానికి తగ్గట్టే బండ్లు పంపుతాయి. వెంకట్రామన్నగూడెం కృషి విజ్ఞాన కేంద్రంలో చట్రం బిగించిన ట్రాక్టర్ ఒకటి నిలిపి, చుట్టుపక్కల డ్రైవర్లను ఒక్కొక్కరినీ ఎక్కించి, కళ్లు మూసుకుని ఒంటి చేత్తో బకిల్ తీయడం అలవాటు చేయించవచ్చు. ఆ పని కాలువలకు నీళ్లు వదలకముందే, పొలాలు ఇంకా ఎండి ఉన్నప్పుడే జరగాలి.