పొడి వారంలో కూలి మాటేమిటి?

ఉత్తర కార్తెలో 'వారం రోజులు పొడి వాతావరణం, ఎండ ఎక్కువ' అని రేడియోలో వింటుంటాం. అనంతపురం మెట్ట చేలల్లో అది వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే అదను. నేల గట్టిపడితే ఊడ దిగదు, దిగినా తాలుకాయే. రైతు నష్టానికి లెక్క రాస్తారు, అదీ అరకొరగానే. చెట్టు పీకే కూలికి పోయిన పనిదినాలు ఏ కాగితంలోనూ ఎక్కవు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. దాని స్థానంలో 2025 డిసెంబరులో చేసిన చట్టం 125 రోజుల పని అంటూనే, విత్తు, కోత కాలాల్లో 60 రోజులు పనులు ఆపాలంది. ఆ 60లోనే బెట్ట పడితే? చేలో పని లేదు, పథకంలోనూ లేదు. ఆ రోజుల్ని ప్రాంతాన్ని బట్టి వేరువేరుగా ప్రకటించవచ్చని చట్టంలోనే ఉంది. బెట్ట మండలాల్లో పనులు తెరిచే ఉంచమని కూలీలంతా కలిసి ఇప్పుడే అర్జీ పెట్టాలి. దసరా దాటాక పెడితే లాభం లేదు.