నాయనమ్మ బి.పి. దారి తప్పకుండా

పిల్లలూ!

మీ నాయనమ్మ పల్లెలోనూ, ఆమెను చూసే డాక్టరుగారు పట్నంలోనూ ఉన్నారనుకోండి. నాయనమ్మ చేతికి పట్టీ చుట్టుకొని బి.పి. చూసుకున్నది. యంత్రం 182 అని చూపి, ఆ అంకెను ఫోను ద్వారా డాక్టరుగారికి పంపింది. దారిలో అంకెలు తారుమారై 128 అని చేరితే? “బాగానే ఉన్నది” అనుకొని ఆయన ఊరుకుంటారు. ఎంత ప్రమాదం!

రోగి ఒకచోట, వైద్యుడు ఒకచోట ఉండడం పాత చిక్కే. హాలెండు దేశంలోని లైడెన్ నగరంలో ఐంథోవెన్ అనే శాస్త్రజ్ఞుడు, గుండెలో పుట్టే సన్నని విద్యుత్తును గీతగా చూపే యంత్రం తయారుచేశాడు. దాని బరువు సుమారు 270 కిలోలు! దాన్ని ఆసుపత్రికి మోసుకుపోవడం ఎట్లా? అందుకని 1905లో ఆయన, ఒకటిన్నర కిలోమీటరు దూరాన ఉన్న ఆసుపత్రినుంచి టెలిఫోను తీగె మీదుగా ఆ విద్యుత్తును రప్పించాడు. రోగి ఉప్పునీళ్ళ పాత్రల్లో చేతులూ కాలూ పెట్టి అక్కడ కూర్చుంటే, గీత ఇక్కడ ప్రయోగశాలలో పడేది! 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పటి యంత్రాలు తీగె లేకుండానే అంకెలు పంపుతవి. తప్పు రాకుండా మూడు ఉపాయాలున్నవి.

మొదటిది సాక్షి. అంకెతోబాటు ఒక సాక్షి సంఖ్య కూడా వెడుతుంది. 182లోని అంకెలు కూడితే 11. కాని 128ని కూడినా 11 వస్తుందే! కనుక మొదటి అంకెను 1తో, రెండవదాన్ని 2తో, మూడవదాన్ని 3తో గుణించి కూడండి. 182కు 23, 128కి 29. దొంగ దొరికాడు! సాక్షి కలవకపోతే ఆ వార్తను పారవేసి, మళ్ళీ తెప్పించుకోవాలి. నిజం యంత్రాల లెక్క ఇంతకంటె పెద్దది. యుక్తి మాత్రం ఇదే.

రెండవది రసీదు. పోస్టుమాన్ పార్సెలు ఇచ్చి సంతకం తీసుకుంటాడు గదా! అట్లాగే “అందింది” అన్న జవాబు వచ్చేదాకా మంచి యంత్రం ఆ అంకెను దాచి ఉంచుతుంది. సిగ్నల్ వచ్చాక మళ్ళీ పంపుతుంది. ప్రతి వార్తకూ వరుస నంబరు, కొలిచిన వేళ ఉంటే, ఒకటే రెండుసార్లు చేరినా ఒకటిగానే లెక్క.

మూడవది మౌనాన్ని నమ్మకపోవడం. కబురు రాకపోతే క్షేమమని అర్థం కాదు. బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, నాయనమ్మే లేవలేక ఉండవచ్చు. వేళకు అంకె రాకపోతే “రాలేదు” అని ఎవరికైనా తెలియాలి.

ఇన్ని ఉన్నా, నాయనమ్మ పట్టీ తాతగారు చుట్టుకుంటే? సాక్షి సరిపోతుంది, మనిషే తప్పు! అది చూసుకోవలసింది మీరే.

ఇక మీ వంతు. 154 అనే అంకె, 24 అనే సాక్షితో చేరింది. నమ్మవచ్చునా?