9 గెలుపులు, 33 ఓటములు... అయినా హీరోనే!

ఆట మీద తీసిన సినిమా అనగానే క్లైమాక్సు మనకి ముందే తెలిసిపోతుంది. మొదటి సగంలో హీరోగారి జట్టు చావుదెబ్బలు తింటుంది. ఇంటర్వెల్ అవగానే ఓ పాట, ఆ పాటలోనే ట్రైనింగు. ఆఖరి రీల్లో ఆఖరి నిమిషం, ఆఖరి బంతి... గెలుపు! హాల్లో ఈలలు, తెర మీద 'శుభం'. టిక్కెట్టు డబ్బులు గిట్టాయనుకుంటూ మనం బండి స్టాండు వైపు నడుస్తాం.

ఆ 'శుభం' పడ్డాక ఏమైందో ఎవరూ అడగరు. మా మిత్రుడొకడు అడిగాడు. అందుకే ఈ వారం ఈ కథ.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూచుని 'వియ్ ఆర్ మార్షల్' అనే హాలీవుడ్ చిత్రం చూశాం. 2006 డిసెంబరులో విడుదలైన సినిమా. మెక్‌జీ డైరెక్షను. మాథ్యూ మెకానహే అందులో జాక్ లెంగ్యెల్ అనే ఫుట్‌బాల్ కోచ్ వేషం వేశాడు. కల్పించిన పేరు కాదది. నిజంగా ఉన్న మనిషి, నిజంగా జరిగిన కథ. సినిమా అయిపోయింది. మావాడు కళ్లు తుడుచుకుని, "ఇహనేం గురూ! ఆ తర్వాత ఆ కోచ్ వరసపెట్టి కప్పులన్నీ కొట్టేసి ఉంటాడు!" అన్నాడు.

"లేదురా. నాలుగేళ్లు ఉన్నాడు. 42 మ్యాచులాడించాడు. 9 గెలిచాడు, 33 ఓడాడు."

మావాడి మొహం చూడాలి! "అయితే మనకి చూపించిందంతా బోగస్సేనా?" అన్నాడు కోపంగా.

బోగస్సు కాదు. అలాగని పూర్తి కథా కాదు. ఆ మిగతా సగం ఇప్పుడు చెప్పుకుందాం.

ముందుగా ఓ మాట. ఇది మన పిల్లలు మైదానాల్లో కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో కాలి పని తక్కువ, చేతి పనీ భుజబలమూ ఎక్కువ. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని, ఎదుటివాళ్లని తోసుకుంటూ వంద గజాల మైదానం చివరికి చేర్చాలి. చేరిస్తే 'టచ్‌డౌన్', 6 పాయింట్లు. అక్కడ కాలేజి జట్ల ఆటకే వేలాదిమంది పోగవుతారు. చిన్న ఊళ్లలో శనివారం మ్యాచి అంటే మనకి తిరనాళ్లలాంటిదే. ఇక హెడ్ కోచ్ అంటే డ్రిల్లు మాస్టారనుకునేరు! కుర్రాళ్లని వెతికి తేవడం, వాళ్ల అమ్మానాన్నల్ని ఒప్పించడం, ఆడించడం, చదువు సాగుతోందో లేదో చూడటం... అన్నీ ఆయన నెత్తినే. మన భాషలో చెప్పాలంటే డైరెక్టరూ ఆయనే, సగం ప్రొడ్యూసరూ ఆయనే.

సరే, కథలోకి వద్దాం.

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున హంటింగ్టన్ అనే ఊరుంది. మార్షల్ యూనివర్సిటీ ఆ ఊరిదే. ఆకుపచ్చ చొక్కాల జట్టు. అసలే కలిసిరాని జట్టు కూడాను. ఆటగాళ్లను చేర్చుకోవడంలో నియమాలు తప్పారని 1969లో మిడ్-అమెరికన్ కాన్ఫరెన్సు వాళ్లని సస్పెండు చేసింది. రిక్ టోలీ అనే యువ కోచ్ వచ్చి, ఇంటిని చక్కదిద్దే పనిలో పడ్డాడు.

1970 నవంబరు 14, శనివారం. నార్త్ కరోలినా వెళ్లి ఈస్ట్ కరోలినా జట్టు చేతిలో 17–14 స్కోరుతో ఓడి, చార్టర్ విమానంలో తిరుగు ప్రయాణమయ్యారు. వాన, మబ్బు. రన్‌వే కనపడకముందే విమానం ఉండవలసిన ఎత్తు కన్నా కిందికి దిగిపోయింది. కొండమీది చెట్లను తాకి కూలింది. 75 మంది. ఒక్కరు మిగల్లేదు.

అందులో 37 మంది ఆటగాళ్లు. కోచ్ టోలీ, ఆయన సహాయకులు. జట్టును తమ బిడ్డలా చూసుకుంటూ వెంట తిరిగే ఊరి ప్రముఖులు, వాళ్ల భార్యలు. ఆ ఒక్క రాత్రితో 70 మంది పిల్లలు తల్లినో తండ్రినో పోగొట్టుకున్నారు. వాళ్లలో 18 మందికి ఇద్దరూ లేకుండా పోయారు. అమెరికా క్రీడాచరిత్రలో అంతటి విమాన ప్రమాదం మరొకటి లేదు. ఆరుగురు కుర్రాళ్లని ఎవరెవరో గుర్తించలేక, ఊరి శ్మశానంలో పక్కపక్కనే పెట్టారు.

ఇక్కడే అసలు ప్రశ్న పుట్టింది. మళ్లీ ఆడాలా, వద్దా?

చెప్పడం తేలిక కాదు. జట్టును ఎత్తేస్తే పోయినవాళ్లని రెండోసారి చంపినట్టు. మళ్లీ ఆడిస్తే, తడారని సమాధుల మీద పరిగెత్తినట్టు. ఊళ్లో ఇంటికో అభిప్రాయం. గాయం వల్ల ఆ విమానం ఎక్కని నేట్ రఫిన్ వంటి కుర్రాళ్లు ఆడదామన్నారు. తాత్కాలిక ప్రెసిడెంటు డొనాల్డ్ డెడ్‌మన్ చివరికి సరేనన్నారు. మరి కోచ్ ఎవరు? ఒకాయన ఒప్పుకుని, కొద్దిరోజుల్లోనే వద్దని వెనక్కి వెళ్లిపోయాడు. తప్పు పట్టలేం. ఆ కుర్చీలో కూచోవడమంటే మాటలా!

అప్పుడొచ్చాడు లెంగ్యెల్. ఒహాయోలో వూస్టర్ కాలేజి అనే చిన్న కాలేజి కోచ్. ఆ ఊరికి బంధువు కాడు, పోయినవాళ్లలో ఒక్కరి మొహమూ ఎరగడు. 1971 మార్చిలో ఉద్యోగంలో చేరాడు. మ్యాచులు సెప్టెంబరులో. చేతిలో ఉన్నది ఆరు నెలలు. ఆడేవాళ్లేరీ?

పాత సీనియర్లలో మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లంతా మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం కుర్రాళ్లు. అప్పటి రూలు ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థి పెద్ద జట్టులో ఆడకూడదు. కాలేజి ఆటల్ని నడిపే ఎన్.సి.ఎ.ఎ. సంస్థని అడిగి ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. వేరే ఆటలవాళ్లని బతిమాలి తెచ్చారు. గోలుకి బంతి తన్నే పని, మనం ఆడే ఫుట్‌బాల్ ఆడే కుర్రాడికి అప్పగించారు. ఇలా అతుకులు వేసి కుట్టిన బొంతలాంటి జట్టది.

పద్ధతి కూడా మార్చవలసి వచ్చింది. పర్వతాల్లాంటి మనుషులుంటే ఎదురుగా గుద్దుకుంటూ పోవచ్చు. పద్దెనిమిదేళ్ల పిల్లలతో అది కుదురుతుందా? 'వీర్' అనే ఎత్తు ఒకటుంది. బంతి పట్టిన క్వార్టర్‌బ్యాక్, ఎదుటివాడు కదిలే తీరు చూసి, పక్కవాడికివ్వాలో తానే పరిగెత్తాలో అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. బలం కన్నా వేగానికి, బుర్రకి పని. అది బాగా వచ్చిన జట్టు పక్కనే ఉంది, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ. అదే రాష్ట్రంలో పెద్దన్న. వాళ్ల కోచ్ బాబీ బౌడెన్ తలుపులు బార్లా తెరిచాడు. మా ఫిల్ములు చూసుకోండి, మా ఎత్తులు రాసుకోండి అన్నాడు. అప్పటికే ఆ జట్టు కుర్రాళ్లు పోయినవాళ్ల గుర్తుగా తమ హెల్మెట్ల మీద ఆకుపచ్చ శిలువ, 'ఎం.యు.' అక్షరాలు వేసుకుని ఆడారు. పోటీ కంపెనీ వాడికి తన స్క్రిప్టు చదవమని ఇచ్చే రచయితని మనం ఎక్కడైనా చూశామా చెప్పండి!

మొదటి మ్యాచి మోర్‌హెడ్ స్టేట్ మీద. 29–6తో ఓటమి. రెండోది 1971 సెప్టెంబరు 25న సొంత ఊళ్లో, జేవియర్ యూనివర్సిటీ మీద. ఆట ముగింపుకొచ్చేసరికి 13–9తో జేవియర్ ముందుంది. ఆఖరి ఎత్తు. రెజ్జీ ఆలివర్ ఒక పక్కకి పరిగెడుతున్నట్టు నటించి, రెండో పక్కన ఉన్న టెర్రీ గార్డ్‌నర్‌కి చిన్న పాసు ఇచ్చాడు. గార్డ్‌నర్ 13 గజాలు పరిగెత్తి గీత దాటాడు. 15–13! జనం మైదానంలోకి దూకారు. ఇళ్లకి వెళ్లడానికి వాళ్లకి మనసు రాలేదు.

సినిమా ఇక్కడ ఆగిపోతుంది. ఆగడంలో తప్పు లేదు. ఇంతకంటే గొప్ప క్లైమాక్సు ఏ రచయితా రాయలేడు, పైగా ఇది నిజం. జేమీ లిండెన్ స్క్రీన్‌ప్లేలో కల్పనలు లేకపోలేదు. కొడుకుని పోగొట్టుకున్న పెద్దమనిషి పాల్ గ్రిఫెన్, ఆ కొడుకుని పెళ్లాడవలసిన అమ్మాయి, ఇద్దరూ కల్పిత పాత్రలు. విద్యార్థులంతా కిటికీల కింద చేరి "మేమే మార్షల్!" అని నినదించే సీను కూడా సినిమాకోసం అల్లిందే. మెకానహే ఒక పక్కకి వాలిపోయి, మాటలు నములుతూ కాస్త హుషారు ఎక్కువ చూపించాడని నాకనిపించింది. అయినా ఆ ఊరి దుఃఖాన్ని తక్కువ చేయలేదు. అన్నట్టు, ఖర్చుకి తగ్గ వసూళ్లు రాక ఆ సినిమా కూడా బాక్సాఫీసు దగ్గర ఓడినట్టే. కథకి తగ్గ చిత్రమే!

ఇప్పుడు 'శుభం' తర్వాతి కథ.

1971లో జేవియర్ కాక మరో మ్యాచి గెలిచారు. బౌలింగ్ గ్రీన్ మీద 12–10. మొత్తం 2 గెలుపులు, 8 ఓటములు. 1972లోనూ అంతే. 1973లో 4 గెలిచి, 7 ఓడారు. హమ్మయ్య, కుదుటపడుతోంది అనుకుంటుండగా 1974లో 1 గెలుపు, 10 ఓటములు. లెంగ్యెల్ తప్పుకున్నాడు. తర్వాత కోచ్‌గా కాదు, ఆటల శాఖ డైరెక్టరుగా పేరు తెచ్చుకున్నాడు. మిస్సోరీలోనూ, అమెరికా నౌకాదళ అకాడమీలోనూ ఆ పదవి చేశాడు.

రెడ్ డాసన్ సంగతి మరీ గుండె పిండుతుంది. టోలీ దగ్గర సహాయ కోచ్. ఆ రోజు కొత్త కుర్రాళ్లని చూసే పని మీద కారులో వెళ్లడంతో బతికిపోయాడు. పోయిన పిల్లల్లో కొందరి ఇళ్లకి వెళ్లి, మీవాణ్ణి మాకివ్వండని తల్లిదండ్రుల్ని ఒప్పించింది ఆయనే. ఆ బరువుతోనే 1971 ఒక్క ఏడూ లెంగ్యెల్ పక్కన నిలబడ్డాడు. జట్టు కాళ్ల మీద నిలబడిందని తేలాక, కోచింగు ఉద్యోగానికే దండం పెట్టి వెళ్లిపోయాడు. మన సినిమాల్లో ఇలాంటివాడికి ఆఖర్న పూలదండ వేయిస్తారు. ఆయన కోరుకున్నది పక్కకి జరగడం.

మార్షల్‌కి గెలుపుల సంవత్సరం రావడానికి 1984 దాకా పట్టింది. 6 గెలిచి 5 ఓడారు. అది 1964 తర్వాత మొదటిసారి! ఆ తర్వాత చూడండి. 1987లో తమ డివిజన్ ఫైనల్‌దాకా వెళ్లి ఒక్క పాయింటుతో ఓడారు. 1992లో ఛాంపియన్లు. 1996లో 15 ఆడి 15 గెలిచి మళ్లీ ఛాంపియన్లు. అప్పుడు కోచ్ బాబ్ ప్రూయిట్, ఒకప్పుడు అదే జట్టులో ఆడినవాడు. ర్యాండీ మాస్ వంటి మెరుపుతీగ ఆ టీములోనే ఉన్నాడు. 1997లో పై డివిజన్‌కి వెళ్లి, ఒకప్పుడు తమని పక్కనపెట్టిన ఆ మిడ్-అమెరికన్ కాన్ఫరెన్సులోనే టైటిలు కొట్టారు. 1999లో 13కి 13!

మరి ఈ మలుపు తిప్పిందెవరు? లెక్కల పుస్తకం ప్రూయిట్ పేరు చెబుతుంది. తప్పేం లేదు, ఆయన గెలిచాడు. కానీ గృహప్రవేశం ఫోటోలో పునాది తవ్విన మేస్త్రీ ఉండడు. 1971లో ఆ అతుకుల బొంత మైదానంలోకి దిగకపోయుంటే, 1996లో గెలవడానికి జట్టే లేదు. లెంగ్యెల్ పని గెలిపించడం కాదు. పోయిన శనివారం చిత్తుగా ఓడిన పిల్లల్ని మళ్లీ శనివారానికి చొక్కాలు తొడిగించి నిలబెట్టడం. ఆ పని 42 సార్లు చేశాడు. జేవియర్ మీద గెలుపు సంతోషం ఒక్క సాయంత్రానిది. నాకు మాత్రం ఆయన గొప్పతనం ఆ 33 ఓటముల్లోనే కనపడుతుంది. ఫ్రీలాన్సు బతుకు కదా నాది! తిరిగొచ్చిన వ్యాసాల కట్ట పక్కన పెట్టి మళ్లీ కాగితం తీయడం ఎంత కష్టమో కొంచెం తెలుసు. అది ఒంటరి పని. ఆయన ఏడుస్తున్న ఊరంతటినీ వెంటేసుకుని ఆ పని చేశాడు.

యూనివర్సిటీ ఆవరణలో ఒక ఫౌంటెను ఉంది, 1972లో కట్టారు. ఏటా నవంబరు 14న జనం చుట్టూ చేరతారు. పోయినవాళ్లని తలుచుకుని నీళ్లు ఆపేస్తారు. చలికాలమంతా అది ఎండిపోయి ఉంటుంది. వసంతంలో మళ్లీ వదులుతారు.

ఇదంతా విని మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ 33 కూడా సినిమాలో పెట్టాల్సింది గురూ!" అన్నాడు.

పెడితే చూసేదెవరని నిర్మాతలడుగుతారు. నాకైతే చూడాలనే ఉంది. మీరేమంటారు?