సమతలానికి ఒకే చిరునామా ఉండదు

వాడపల్లి సంగమం దగ్గర ఒక బిందువు, రెండు దిక్కులు కళ్లెదుటే ఉంటాయి: ఒకటి మూసీది, ఒకటి కృష్ణది. సమతలానికి సదిశా సమీకరణం రాయడానికి ఆ సరంజామా చాలు. సంగమం నుంచి మూసీ దిక్కుగా కొంత, కృష్ణ దిక్కుగా కొంత, ఎగువకో దిగువకో జరిగితే ఆ తలంలో ఎక్కడికైనా చేరొచ్చు. దిక్కులు రెండూ ఒకటే అయితే మాత్రం దక్కేది సరళరేఖే. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఈ సూత్రం కంఠతా వచ్చు. కానీ బయల్దేరే బిందువునూ, దిక్కులనూ మనమే ఎంచుకోవచ్చన్న సంగతి వాళ్లకు గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. (1, 0, 0), (0, 1, 0), (0, 0, 1) బిందువుల గుండా పోయే తలాన్నే చూడండి. మొదటి బిందువు నుంచి బయల్దేరినవాడి జవాబుకూ, మూడోదాని నుంచి బయల్దేరినవాడి జవాబుకూ పోలికే ఉండదు. అయినా రెండింట్లోనూ పరామితులను, అంటే ఏ దిక్కుగా ఎంత జరగాలో చెప్పే సంఖ్యలను, తొలగిస్తే మిగిలేది ఒక్కటే: నిరూపకాల మొత్తం 1. ఇది తెలియని పిల్లవాడు, పుస్తకం వెనక జవాబుతో కలవలేదని తన ఒప్పును తానే కొట్టేసుకుంటాడు. తలానికి లంబంగా ఉండే దిక్కుతో, అంటే అభిలంబంతో, రాసే సమీకరణం పొందికైనదే. ఒక బిందువు తలంలో ఉందో లేదో చిటికెలో తేలుస్తుంది. రెండు దిక్కుల సదిశా లబ్ధం తీస్తే ఆ అభిలంబమూ దొరుకుతుంది. కానీ తలంలో తిరగడం నేర్పేది పరామితుల రూపమే. అందుకే నేనైతే ఒకే తలానికి రెండు వేర్వేరు సమీకరణాలు రాసి, అవి ఒకటేనని నిరూపించమని పరీక్షలో అడుగుతాను. అర్థమైనవాడెవడో, అప్పజెప్పినవాడెవడో ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.