అంకె బట్టీ పడితే చాలదు

మన హాస్టళ్లలో ఉండి చదువుకుని ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దాకా వచ్చిన మాలాంటివాళ్లం చాలామందిమి మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం. 'బంధన స్థిరాంకం' అనగానే మాకు గుర్తొచ్చేది పరీక్షలో ప్రశ్న. నిర్వచనం, సూత్రం రాస్తే మార్కులు వస్తాయి. దాంతో చదువు అయిపోయినట్టేనా? కాదని మా అభిప్రాయం.

అణువులు కలుస్తూ ఉంటాయి, విడిపోతూ ఉంటాయి. సమతాస్థితిలో మొగ్గు ఎటువైపు ఉందో చెప్పే అంకె అది. అంకె పెద్దదైతే పట్టు గట్టిదన్నమాట.

మన రక్తంలోని హీమోగ్లోబిన్‌నే తీసుకోండి. అది ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకోవాలి, కండరాల దగ్గర వదలాలి. పట్టు తక్కువైతే మోయలేదు, మరీ ఎక్కువైతే దించలేదు. బొగ్గులు సరిగా కాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అదే హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. లెక్క వేసి చూడండి. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. పట్టు 210 రెట్లు అనుకుంటే, కార్బన్ మోనాక్సైడ్ 0.1 శాతం ఉన్నా ఆక్సిజన్‌తో సమానంగా పోటీ పడుతుంది. ఆ గాలిలోనే గంటల తరబడి ఉంటే సగం హీమోగ్లోబిన్ దాని పాలవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో తలుపులు మూసి, కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవకపోవడం వెనక ఉన్నది ఈ అంకే. అలాంటివారికి ఆస్పత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడతారు. పట్టు బలాన్ని మార్చలేం, ఆక్సిజన్ పాలు పెంచి పోటీని మనవైపు తిప్పుకోగలం.

ఇది అర్థమైన విద్యార్థి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు "కుంపటి బయట పెట్టమ్మా" అని చెబుతాడు. మన చదువు మన ఇళ్లకు చేరాల్సింది ఇలాగే.

తెలుగులో చెబితే సైన్సు రాదనేవాళ్లున్నారు. పైన చెప్పిందంతా తెలుగులోనే కదా! ఇంగ్లీషు వద్దని మేమనడం లేదు. పై చదువులకు, ఉద్యోగాలకు అది కావాలి. కానీ విషయం ముందు మన మాటల్లో తలకెక్కితే, ఇంగ్లీషు పదం నేర్చుకోవడం ఎంతసేపు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పుస్తకంలో అంకె కనిపిస్తే "ఎంత?" అని ఆగిపోకండి. "ఇంతే ఎందుకు? ఎక్కువైతే ఏమవుతుంది?" అని అడగండి. లెక్చరర్‌ను అడగడానికి బెరుకైతే సీనియర్లను అడగండి. పూర్వ విద్యార్థులు నెలకో ఆదివారం హాస్టల్‌కొచ్చి ఒక్క పాఠం ఇలా చెప్పాలని మా కోరిక. మా వంతు ఆదివారానికి మేము సిద్ధం.