రెండు పండగలు, ఒకే పున్నమి

2024లో ఆదోని, ఎమ్మిగనూరు చర్చిల్లో మార్చి 31న ఈస్టర్ జరిగింది. యూదుల పంచాంగంలో మాత్రం పస్కా ఏప్రిల్ 22 సాయంత్రానికి గానీ మొదలుకాలేదు. యేసును మెస్సీయగా ఒప్పుకోకపోవడం వల్లే యూదుల పండగలు వేరయ్యాయని చాలామంది అక్కడితో ఆపేస్తారు. అది నిజమే కానీ సగమే. పస్కా, ఈస్టర్ రెండూ వసంతకాలపు పున్నమిని పట్టుకుని వచ్చేవే. యూదులు మన అధిక మాసంలాగే 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల కలుపుతారు. 2024లో అదే జరగడంతో పస్కా తర్వాతి పున్నమికి జరిగింది. ఇక క్రైస్తవ పెద్దలు, పండగ తేదీకి యూదుల లెక్క మీద ఆధారపడకూడదని 325లోనే నికేయా సభలో తీర్మానించుకున్నారు. అంటే ఈ ఎడబాటులో విశ్వాసంతోపాటు, మేమెవరమో మేమే చెప్పుకుంటామన్న పట్టుదల కూడా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని, యూదు మతం పాటించే బెనె ఎఫ్రాయిం వాళ్లను చూస్తే నాకు ఈ సంగతి రూఢి అవుతుంది. ఒకప్పుడు బాప్టిస్టు సంఘంలో ఉన్న ఆ మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిం గోత్రపు వారసులమంటూ 1990ల తొలినాళ్లలో సినగాగ్ కట్టుకున్నాయి, ఆదివారం బదులు శనివారం విశ్రాంతి దినం పాటిస్తున్నాయి. పస్కా గుర్తుచేసే, ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన జనం కథను తమ కథగా చెప్పుకునే హక్కు, తరతరాలుగా ఊరి చివర బతికిన వాళ్లకు కాక ఇంకెవరికుంది? వాళ్ల వంశావళికి రుజువులడిగే ముందు, వాళ్ల పండగను గౌరవించడం నేర్చుకుందాం.